ఐయూఐ చేయించుకోమన్నారు, అసలు అదేంటో తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి

కందుకూరు కోడలు

అందరికీ నమస్తే. మాది కందుకూరు దగ్గర పల్లెటూరు. మా ఆయన చీమకుర్తి క్వారీల్లో టిప్పర్ తోల్తారు, అక్కడే రూమ్, వారానికోసారి ఇంటికొస్తారు. పెళ్ళయ్యి నాలుగేళ్ళు దాటింది, నాకిప్పుడు 28. పిల్లలు లేరని ఒంగోల్లో ఒక డాక్టరమ్మకి చూపించుకుంటా ఉన్నాం. నాకు పీసీఓడీ ఉంది, అంటే ఎగ్ నెలనెలా సరిగ్గా విడుదల కాదంట, డేట్ ఒక్కోసారి నలభై యాభై రోజులకి గానీ రాదు. మా ఆయన రిపోర్ట్ చూసి వీర్యకణాల కౌంట్ బాగానే ఉంది గానీ కదలిక కొంచెం తక్కువ అన్నారు. మందులు వాడాం, ఇప్పుడేమో ఐయూఐ చేద్దాం అంటున్నారు. డాక్టరమ్మ మంచావిడే, కానీ బయట హాలు నిండా జనం, గబగబా చెప్పేసి పంపించారు, నేను సరే సరే అని తలూపి వచ్చేశా, ఇంటికొచ్చి కూర్చుంటే అన్నీ డౌట్లే.

ఇది టెస్ట్ ట్యూబ్ బేబీ లాంటిదేనా వేరేనా? మత్తు ఇస్తారా, హాస్పిటల్లో ఉండాలా? అయ్యాక ఒంగోలు నుంచి బస్సులో వస్తే ఆ కుదుపులకి ఏమన్నా అవుతుందా, మా అమ్మేమో కారు మాట్లాడుకోమంటా ఉంది. ఇంకోటి, రాసిచ్చిన టాబ్లెట్ పేరు లెట్రోజోల్, ఫోన్లో చూస్తే రొమ్ము క్యాన్సర్ మందు అని ఉంది, అప్పట్నుంచి దాన్ని ముట్టుకోవాలంటే భయం, నాకేమన్నా ఉండి చెప్పట్లేదా అని కూడా అనిపించింది.

అసలు బాధ ఏంటంటే మా అత్త. ఐయూఐ అంటే కృత్రిమ గర్భధారణ అని మా ఆడపడుచు చెప్పింది, అంతే, "గేదెకి గోపాలమిత్ర వచ్చి చేసి పోతాడే, అదా ఇప్పుడు నీకు చేసేది, ఎవురిదో ఏందో" అని నలుగురి ముందూ అనేసింది. మా ఆయన ఏం మాట్లాడలా. నాకు తల తీసేసినట్టయింది. నిజంగా వేరేవాళ్ళది కలిపే అవకాశం ఉంటుందా? తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి, ఇంట్లో కూర్చోబెట్టి అడగడానికి నాకు ఎవరూ లేరు.

మూలాపేట అక్క

చెల్లెమ్మా, ముందు కళ్ళు తుడుచుకో. నేను నెల్లూరులోనే చేయించుకున్నా, మాకు పాప, ఇప్పుడు బుడిబుడి నడకలు నడుస్తా ఉంది. అందుకని నువ్వు అడిగినవన్నీ నేను దాటొచ్చినవే.

టెస్ట్ ట్యూబ్ వేరు, ఇది వేరు. టెస్ట్ ట్యూబ్ అంటే ఐవీఎఫ్, అందులో ఎగ్స్ బయటికి తీసి ల్యాబ్‌లో కలిపి పిండం అయ్యాక లోపల పెడతారు, దానికి మత్తు ఇస్తారు, ఖర్చు కూడా లక్షల్లో. ఐయూఐలో నీ ఎగ్‌ని ఎవరూ ముట్టుకోరు. నీకు ఎగ్ విడుదలయ్యే టైమ్ చూసుకుని మీ ఆయన శాంపిల్‌ని శుభ్రం చేసి, సన్నటి మెత్తటి గొట్టంతో గర్భసంచిలోకి వదుల్తారు. అక్కడి నుంచి జరిగేదంతా మామూలుగా ఒంట్లో జరిగేదే, ఎగ్‌తో కలవడం గర్భసంచి పక్కనుండే ట్యూబులోనే, నాటుకోవడం సంచిలోనే. ఖర్చు వేలల్లో ఉంటుంది, ఊరిని బట్టి, వాడే సూదుల్ని బట్టి మారతాది, నువ్వు చేయించుకునే చోటే స్కాన్లు సూదులు అన్నీ కలిపి ఎంతవుద్దో ముందే అడిగి రాయించుకో.

నెల ఎట్టా నడుస్తుందంటే, డేట్ వచ్చిన రెండో రోజో మూడో రోజో వెళ్తే స్కాన్ చేసి ఐదు రోజులు టాబ్లెట్ ఇస్తారు. తర్వాత తొమ్మిది, పది రోజులప్పట్నుంచి రోజు మార్చి రోజు కింద నుంచి స్కాన్. ఆ స్కాన్‌లో ఎగ్ ఉండే చిన్న నీటిసంచి లాంటిది, ఫాలికల్ అంటారు, అది రోజుకి ఒకటి రెండు మిల్లీమీటర్లు పెరుగుతా పోతుంది. 18, 20 దాకా వచ్చాక హెచ్‌సీజీ అని ఒక సూది వేస్తారు, పగలడానికి. ఆ సూది వేసిన 36 గంటలకి అటూ ఇటుగా ఎగ్ బయటికొస్తుంది, దాన్ని లెక్కేసుకునే ఐయూఐకి టైమ్ ఇస్తారు. ఎగ్ బతికుండేదే ఒక పూటో ఒక రోజో, అందుకే టైమ్ మాత్రం తప్పగూడదు. వాళ్ళు సూది రాత్రి పదింటికి వెయ్యమంటే పదింటికే, పక్కూరి ఆర్ఎంపీ పదకొండుకి వస్తానంటే కుదరదు.

చేసేటప్పుడు మత్తు గిత్తు ఏం లేదు. టేబుల్ మీద పడుకోబెట్టి కాళ్ళు పైకి పెట్టి స్పెక్యులమ్ అని దారి తెరిచి పట్టుకునే పరికరం వేస్తారు, అది వేసినప్పుడే కాస్త ఇబ్బంది. గొట్టం పోయేటప్పుడు డేట్ వచ్చినప్పటి నొప్పి లాగా చిన్నగా లాగింది నాకు, దగ్గడం మొదలుపెట్టి అయ్యేలోపు అయిపోయింది. పది పదిహేను నిమిషాలు పడుకోమన్నారు, తర్వాత బయటికొచ్చేశా. బస్సుకి ఏం కాదమ్మా. గర్భసంచి అంటే లోపల రెండు గోడలు అతుక్కుని ఉంటాయి, దాంట్లో పెట్టింది కుదుపుకి జారి కింద పడేది కాదు. మా అత్త నన్ను మంచం దిగనియ్యలేదు, డాక్టర్‌ని అడిగితే ఆవిడ చెప్పింది, వంట చేసుకో, నడువు, బరువులు మాత్రం ఎత్తొద్దు అని. కాస్త మరక కనపడినా కంగారు పడొద్దు. కానీ గట్టిగా నొప్పి వచ్చినా, జ్వరం వచ్చినా, పొట్ట ఉబ్బి ఊపిరి ఆడనట్టు ఉన్నా అర్ధరాత్రైనా ఆగొద్దు, వెళ్ళిపో.

ఒక్కటి మాత్రం మనసులో పెట్టుకో. మొదటిసారికే వస్తుందని పెట్టుకుంటే తట్టుకోలేవు. నాకూ మొదటిసారి రాలేదు. ఏ ఇబ్బందీ లేని జంటకి కూడా ఒక నెలలో వచ్చే అవకాశం నూటికి ఇరవై, పాతికే. ఐయూఐకి నీ వయసువాళ్ళకి ఒక్కో సైకిల్‌కి పది నుంచి ఇరవై మధ్య చెప్తారు. అందుకే మూడు నాలుగు సార్లు చూసి అప్పటికీ రాకపోతేనే తర్వాత మాట మాట్లాడతారు.

ఇంకో మాట, మీ ఆయన వారానికోసారి వస్తారు అన్నావు. అది డాక్టరమ్మకి చెప్పావా? డేట్లు నలభై యాభై రోజులకి వచ్చే నీకు ఎగ్ ఎప్పుడు వస్తుందో తెలియదు, ఆ రోజు ఆయన ఊళ్ళో ఉండడు, నాలుగేళ్ళంటే చెప్పడానికి నాలుగేళ్ళు గానీ నిజంగా కుదిరిన నెలలు ఎన్నో ఆలోచించు. తప్పకుండా చెప్పు.

కావలి ఫార్మసిస్ట్

లెట్రోజోల్ గురించి నేను చెప్తానమ్మా, మా షాపులో నెలకి చాలామంది ఇదే భయంతో స్ట్రిప్ వెనక్కి తెస్తారు.

అది మొదట తయారైంది రొమ్ము క్యాన్సర్‌కే, నిజం. ముట్లు ఆగిపోయిన ఆడవాళ్ళకి ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ తగ్గించడానికి ఏళ్ళ తరబడి రోజూ వాడతారు. మీకు ఇచ్చేది ఐదు రోజులే. ఆ ఐదు రోజులు ఈస్ట్రోజెన్ తగ్గేసరికి మెదడు ఓహో తక్కువైందే అనుకుని ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్ ఎక్కువ వదుల్తుంది, దాంతో అండాశయంలో ఫాలికల్ పెరుగుతుంది. మందు ఒకటే, వాడే తీరు వేరు. సుమారు రెండు రోజులకోసారి సగం చొప్పున ఒంట్లోంచి తగ్గుతా పోతుంది, ఎగ్ వచ్చే టైమ్‌కి చాలా తక్కువే మిగుల్తుంది.

మన దేశంలో 2011లో దీన్ని పిల్లల కోసం వాడకూడదని ప్రభుత్వం ఆపేసింది, మళ్ళీ 2017లో ఆ నిషేధం ఎత్తేసింది. పాత వార్తలు ఫోన్లో ఇంకా తిరుగుతా ఉంటాయి, అవి చూసి కూడా భయపడతారు జనం. 2014లో అమెరికాలో పీసీఓఎస్ (పీసీఓడీనే అలా కూడా అంటారు) ఉన్న 750 మంది ఆడవాళ్ళ మీద పెద్ద స్టడీ జరిగింది, లెట్రోజోల్ వాడినవాళ్ళలో నూటికి 27 మందికి పైగా బిడ్డలు పుట్టారు, అంతకుముందు నుంచి వాడే క్లోమిఫీన్‌తో 19 మందికి. పుట్టిన బిడ్డల్లో లోపాల విషయంలో రెండిటికీ చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. అందుకే ఇప్పుడు పీసీఓడీకి మొదట రాసేది ఇదే. ఒక జాగ్రత్త ఏంటంటే కడుపుతో ఉన్నప్పుడు వేసుకోకూడదు, డేట్ సరిగ్గా రాకుండా కొంచెం మరకే కనపడితే అదే డేట్ అనుకుని మొదలుపెట్టొద్దు, ముందు టెస్ట్ చేసుకోండి. తలనొప్పి, వేడి ఆవిర్లు, నీరసం కొంతమందికి ఉంటాయి. ఫోలిక్ యాసిడ్ ఇచ్చి ఉంటారు, అది మాత్రం మానొద్దు.

ల్యాబ్‌లో పని చేస్తా, ఒంగోలు

ఎవురిదో ఏందో అన్న మాట చదివి రాయకుండా ఉండలేకపోయా. శాంపిల్ వాష్ చేసేది మేమే, కాబట్టి లోపల ఏం జరుగుతుందో చెప్తా, మీ అత్తమ్మకి కూడా చదివి వినిపించండి.

భర్త శాంపిల్ ఇచ్చే డబ్బా మీద ఇద్దరి పేర్లు, నంబరు, టైమ్ రాస్తాం. మీ ఆయన్ని ఇచ్చే ముందు డబ్బా మీద పేరు ఆయనే చదివి చూసుకోమనండి, చేసే ముందు టేబుల్ దగ్గర మీ పేరూ ఆయన పేరూ గట్టిగా చదవమని మీరు అడగండి, అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు, అడగాల్సిందే కూడా. శాంపిల్ అరగంట దాకా పక్కన పెడితే చిక్కదనం పోయి పల్చబడుతుంది. తర్వాత మీడియా అని ఒక ద్రవం మీద వేసి మిషన్లో తిప్పుతాం, చచ్చిన కణాలు, మురికి, ఆ వీర్యంలోని ద్రవం విడిపోయి బాగా ఈదే కణాలు మిగుల్తాయి. వీర్యం ఉన్నదున్నట్టు సంచిలోకి వదిలితే దాంట్లో ఉండే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాల వల్ల విపరీతమైన మెలికల నొప్పి వస్తుంది, ఇన్ఫెక్షన్ భయం కూడా, అందుకే వాష్ తప్పనిసరి. చివరికి మిగిలేది అర మిల్లీలీటరు. ఇంత పని జరుగుతుంది గనకే శాంపిల్ ఇచ్చాక గంటన్నర, రెండు గంటలు కూర్చోబెడతారు, ఆ గ్యాప్‌లో ఏదో చేస్తున్నారని అనుమానం పెట్టుకోకండి.

మీ ఊరి నుంచి శాంపిల్ ఇంట్లో తీసి తెస్తామంటే మాత్రం కుదరదు, గంట లోపల ల్యాబ్‌కి చేరాలి, అక్కడికొచ్చే ఇవ్వాలి. రెండు రోజుల నుంచి ఏడు రోజుల్లోపు గ్యాప్ ఉండాలి, అంతకన్నా ఎక్కువ రోజులు ఆపుకుంటే కౌంట్ పెరిగినట్టు కనపడినా కదలిక పడిపోతుంది. మీ ఆయన రిపోర్టులో కదలిక ఎంత రాశారో చూడండి, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 లెక్క ప్రకారం మొత్తం కదిలేవి 42 శాతం, ముందుకు ఈదేవి 30 శాతం ఉంటే కింది హద్దు దాటినట్టు. కొంచెం తక్కువైతే ఐయూఐకి పనికొస్తుంది. వాష్ తర్వాత కదిలే కణాలు యాభై లక్షల నుంచి కోటి దాకా ఉంటే మంచిది, పది లక్షలు కూడా లేకపోతే ఐయూఐ మీద డబ్బు పెట్టడం దండగ, డాక్టర్‌తో వేరే మాట మాట్లాడాలి. వాష్ తర్వాత కౌంట్ ఎంతొచ్చిందో ప్రతిసారీ కాగితం మీద అడిగి తీసుకోండి.

దాత విషయం. 2021లో కేంద్రం ఏఆర్‌టీ చట్టం, అంటే పిల్లల కోసం చేసే ఇలాంటి చికిత్సల చట్టం తెచ్చింది. ఐయూఐ ఒక్కటే చేసే సెంటర్ అయినా లెవెల్ 1 క్లినిక్‌గా రిజిస్టర్ అవ్వాలి, రిజిస్ట్రేషన్ ఉందా అని అడిగే హక్కు మీకుంది. భర్త శాంపిల్‌తో చేసేదానికి ఒక కన్సెంట్ కాగితం, దాతది వాడేదానికి వేరే కాగితం. దాతది కావాలంటే వీర్యం బ్యాంకు నుంచే తెప్పించాలి, ఆ శాంపిల్ ఆరు నెలలు గడ్డకట్టించి ఉంచి జబ్బుల పరీక్షలు చూసి గానీ ఇవ్వరు. మీరిద్దరూ సంతకం పెట్టకుండా ఎవరిదీ వాడకూడదు. కాబట్టి సంతకం పెట్టే కాగితం పైన ఏముందో చదివి పెట్టండి, ఇంగ్లీషులో ఉంటే చదివి తెలుగులో చెప్పమనండి, తొందరగా పెట్టమ్మా అంటే పెట్టొద్దు.

చివరగా అన్నిటికంటే ముఖ్యమైంది, మీరు రాసినదాంట్లో నాకు కనపడనిది. ట్యూబుల టెస్ట్ అయిందా? హెచ్‌ఎస్‌జీ అంటారు, మందు ఎక్కించి ఎక్స్‌రే తీస్తారు.

కందుకూరు కోడలు

అందరికీ ఎన్ని థ్యాంక్స్ చెప్పినా తక్కువే. ఈ రెండ్రోజులు నేను ఇదే పదే పదే చదువుకుంటా ఉన్నా. వారానికోసారి వచ్చే సంగతి డాక్టరమ్మకి చెప్పలేదక్కా, అడగలేదు నేను చెప్పలేదు. ట్యూబుల టెస్ట్ ఏదీ చెయ్యలేదన్నా, మామూలు స్కానులే చేశారు. స్కాన్‌లో ట్యూబులు కనపడవా? అది లేకుండా చేస్తే ఏమవుద్ది?

ల్యాబ్‌లో పని చేస్తా, ఒంగోలు

మామూలు స్కాన్‌లో మంచి ట్యూబ్ కనపడదమ్మా, నీళ్ళు పట్టి ఉబ్బిపోతేనే కనపడుతుంది. కాలవ పూడిపోయి ఉంటే ఎగువన ఎన్ని నీళ్ళు వదిలినా చేనుకి చేరవు గదా, ఇదీ అంతే. ఎగ్, కణం కలిసేది ట్యూబులో. కనీసం ఒక ట్యూబ్ అయినా తెరుచుకుని ఉంటేనే ఐయూఐకి అర్థం. వయసు తక్కువ, ఇంతకుముందు ఇన్ఫెక్షన్లు ఆపరేషన్లు ఏమీ లేవని కొంతమంది డాక్టర్లు మొదటి ఒకటి రెండు సార్లు టెస్ట్ లేకుండానే మందులతో చూస్తారు, అదీ ఒక పద్ధతే. కానీ నాలుగేళ్ళు అయింది, మన దగ్గర టీబీ వల్ల ట్యూబులు మూసుకుపోయేవి కూడా ఉంటాయి, చిన్నప్పుడు టీబీ గానీ అపెండిక్స్ ఆపరేషన్ గానీ అయుంటే తప్పకుండా చెప్పండి. ట్యూబుల సంగతి తేలకుండా ఐయూఐ మీద ఐయూఐ చేయించుకుని డబ్బూ మనసూ రెండూ పోగొట్టుకున్నవాళ్ళని చూశా, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

దర్శి అబ్బాయి

అక్కా, బావ తరపున నేను రాస్తున్నా అనుకోండి. మాకు కూడా నాదాంట్లోనే కదలిక తక్కువ వచ్చింది, అది మా ఇంట్లో నేనే చెప్పాను. మీ ఆయన మాట్లాడకపోవడం మీ మీద ప్రేమ లేక కాదు, మగవాళ్ళకి ఈ మాట నోట్లోంచి రాదు, రిపోర్ట్ జేబులో పెట్టుకుని తిరుగుతారు గానీ చెప్పరు. కానీ చెప్పాలి. మీ అత్తమ్మ మాట ఆగాలంటే అది కొడుకు నోటి నుంచి రావాలి, "అమ్మా, నాకూ మందులు రాశారు, చేసేది నాదే, ఇంకెవరిదీ కాదు" అని ఒక్కసారి అంటే చాలు. మీరు ఎన్ని చెప్పినా అంత పని చెయ్యదు. మా అమ్మ కూడా అప్పట్నుంచి మా ఆవిడ్ని ఒక్క మాట అన్లేదు.

టిప్పర్ అంటే గంటల కొద్దీ ఇంజిన్ వేడి మీద కూర్చోవడం, పైన చీమకుర్తి ఎండ. వేడి కణాలకి మంచిది కాదని మా డాక్టర్ గట్టిగా చెప్పారు. ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య కిందికి దిగి నడవమనండి, బిగుతు జీన్స్ మానేసి వదులుగా వేసుకోమనండి, ఖైనీ సిగరెట్ ఉంటే ఇప్పుడే ఆపాలి. కణం తయారవ్వడానికే రెండున్నర నెలలు పడుతుంది, అంటే ఇవాళ మానేస్తే ఫలితం మూడో నెల రిపోర్టులో కనపడుతుంది, పది రోజులు మానేసి ఏం తేడా లేదని మళ్ళీ మొదలుపెట్టకూడదు. జిమ్ములో టెస్టోస్టెరాన్ సూదులు తీసుకునే కుర్రాళ్ళు ఎవరన్నా చదువుతుంటే, తమ్ముళ్ళూ, అది కౌంట్‌ని సున్నాకి తెస్తుంది, తెలుసుకోండి.

ఇంకోటి, ఆ రోజు శాంపిల్ ఇవ్వడం అందరికీ కుదరదు. చిన్న బాత్రూమ్, బయట జనం మాటలు, ఎవరో తలుపు కొడతారు. టెన్షన్‌లో రాకపోవడం మామూలే, అదేమీ మగతనానికి సంబంధించింది కాదు. భయం ఉంటే ముందే డాక్టర్‌కి చెప్తే ఒక శాంపిల్ ముందుగా తీసి ఫ్రీజ్ చేసి పెట్టే చోట్లు ఉన్నాయి. క్వారీలో లీవు దొరకదేమో అనుకునేవాళ్ళకి కూడా అది పనికొస్తుంది. సబ్బు, నూనె, ఉమ్ము ఏదీ తగలకూడదు, మామూలు కండోమ్‌లో అసలు తీసుకోకూడదు, ఇవి మగవాళ్ళకి ఎవరూ చెప్పరు.

మూలాపేట అక్క

తమ్ముడు చాలా మంచి మాట చెప్పాడు. గేదెల మాటకొస్తే చెల్లెమ్మా, పశువులకి ఎక్కడో ఆంబోతు దగ్గర తీసి గడ్డకట్టించిన స్ట్రా తెచ్చి వేస్తారు, మంచి జాతి రావాలని. నీకు చేసేది నీ మొగుడిది నీకు చేర్చడం. రెండూ ఒకటెట్టా అవుతాయి? మీ అత్తకి కోపంగా కాకుండా నిమ్మళంగా చెప్పు, పెద్దావిడకి తెలిసింది ఆ ఒక్కటే, అదే చెప్పింది.

చేయించుకున్నాక రెండు వారాలు ఆగాలి చూడు, అది కష్టం. ప్రొజెస్టరాన్ అనే హార్మోన్ మాత్రలు ఇస్తారు, వాటి వల్లే రొమ్ములు బరువుగా, వికారంగా ఉంటుంది, వచ్చేసిందనుకోవద్దు. ముందే కిట్‌తో చూసుకోవద్దు కూడా, కిట్ పట్టుకునేదీ హెచ్‌సీజీనే, ఆ పగలడానికి వేసిన సూదీ అదే కాబట్టి ఒంట్లో ఉన్నన్నాళ్ళు కిట్ మీద రెండు గీతలు ఊరికే చూపిస్తుంది. పధ్నాలుగు రోజులయ్యాక రక్త పరీక్షే నమ్ము. ఫాలికల్స్ మరీ ఎక్కువ వస్తే కవలలు, ముగ్గురు అయ్యే ప్రమాదం ఉందని ఆ నెల ఆపేస్తారు, అప్పుడు అనవసరంగా ఆపారని డాక్టరమ్మ మీద కోపం తెచ్చుకోవద్దు.

కందుకూరు కోడలు

నిన్న ఒంగోలు వెళ్ళొచ్చాం, ఈసారి ఆయన లోపలికి నాతోపాటు వచ్చారు. వారానికోసారి సంగతి చెప్తే డాక్టరమ్మ రాసుకున్నారు. ట్యూబుల టెస్ట్ అడిగితే "నేనే చెప్పాలనుకున్నా, ముందు అది చేద్దాం, ఐయూఐ ఆ తర్వాత నెల" అన్నారు డాక్టరమ్మ. డేట్ రావడానికి మాత్రలు ఇచ్చారు. ఇంటికొచ్చాక ఆయన వాళ్ళమ్మతో మాట్లాడారు, నేను వంటింట్లో ఉన్నా, పూర్తిగా వినపడలేదు, కానీ పొద్దున అత్త టెస్ట్ ఎప్పుడని అడిగింది. అన్నా, ఈ ట్యూబుల టెస్ట్ బాగా నొప్పి అంటారు నిజమేనా, ఏ రోజు వెళ్ళాలి?

ల్యాబ్‌లో పని చేస్తా, ఒంగోలు

చాలా సంతోషం అమ్మా. బ్లీడింగ్ పూర్తిగా ఆగాక, డేట్ వచ్చిన రోజు నుంచి లెక్కేసి పదో రోజు లోపల చేస్తారు. డేట్ వచ్చిన రోజే ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ తీసుకోండి. ఆ నెల టెస్ట్ అయ్యేదాకా కలవొద్దంటారు, అది పాటించండి. మందు ఎక్కేటప్పుడు కొన్ని నిమిషాలు గట్టిగా పట్టేసినట్టు నొప్పి ఉంటుంది, కొందరికి ఎక్కువ, కొందరికి తక్కువ, ముందు వేసుకోమని నొప్పి మాత్ర, యాంటీబయాటిక్ ఇస్తారు, మర్చిపోకండి. అయోడిన్ పడకపోయినా, ఇంతకుముందు స్కాన్‌కి ఎక్కించిన మందు పడకపోయినా ముందే చెప్పాలి. తోడు ఒకరిని తీసుకెళ్ళండి. రిపోర్ట్ కాగితం ఒక్కటే తీసుకుని వచ్చేయొద్దు, ఫిల్మ్ గానీ సీడీ గానీ అడిగి తెచ్చుకోండి, అది లేకపోతే రేపు ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్తే మళ్ళీ తియ్యమంటారు.